పళ్ల ఇంప్లాంట్: ఎముక స్క్రూను ఎలా పట్టుకుంటుంది?

పన్ను పోయిన చోట దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, దానిపై కృత్రిమ పన్ను అమర్చడమే డెంటల్ ఇంప్లాంట్. చాలామంది డాక్టర్‌ను అడిగేవి రెండే ప్రశ్నలు: ఖర్చెంత, ఎన్నేళ్లు ఉంటుంది? రెండో ప్రశ్నకు పునాది మొదటి కొన్ని వారాల్లోనే పడుతుంది. ఎముక స్క్రూను పట్టుకోవాల్సింది అప్పుడే.

ఎలా మొదలైంది?

స్వీడన్ డాక్టర్ పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950వ దశకంలో కుందేళ్ల ఎముకల్లో రక్తప్రసరణ చూడటానికి టైటానియం పరికరాలు అమర్చారు. తర్వాత తీయబోతే అవి ఊడి రాలేదు. ఎముక వాటిని గట్టిగా పట్టేసుకుంది. దీనికే 'ఆసియోఇంటిగ్రేషన్' అని పేరు. 1965లో మొదటిసారి ఒక రోగి దవడలో ఇలాంటి స్క్రూలు పెట్టారు.

మొదటి నెల ఎందుకు కీలకం?

ఆపరేషన్ రోజు స్క్రూ గట్టిగానే ఉంటుంది. కానీ అది మరల బిగుతు మాత్రమే. తర్వాత శరీరం డ్రిల్లింగ్‌లో దెబ్బతిన్న ఎముకను కరిగించి, కొత్తది కట్టుకుంటుంది. పాత బిగుతు తగ్గి, కొత్త పట్టు ఇంకా రాని సమయం సుమారు 2 నుంచి 4 వారాల మధ్య వస్తుంది. అప్పుడు స్క్రూ 100-150 మైక్రాన్లకు మించి, అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం కంటే ఎక్కువగా పదే పదే కదిలితే, ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరిగే ప్రమాదం ఉంది. "నొప్పి లేదు కదా" అని ఆ వైపు గట్టి పదార్థాలు నమలొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

గరుకుతనంతో లాభమేంటి?

తొలినాళ్ల ఇంప్లాంట్లు నున్నగా ఉండేవి. కింది దవడలో 3-4 నెలలు, పై దవడలో 5-6 నెలలు ఆగాకే పన్ను పెట్టేవారు. ఇప్పుడు సన్నటి రేణువులను వేగంగా కొట్టి, యాసిడ్‌లో ముంచి పైభాగాన్ని గరుకు చేస్తున్నారు. ఈ పద్ధతిని 'ఎస్‌ఎల్‌ఏ' అంటారు.

గరుకు పైభాగాన్ని గడ్డకట్టిన రక్తంలోని సన్నటి దారాలు బాగా పట్టుకుంటాయి. ఆ దారాల మీదుగా ఎముక కణాలు స్క్రూ దాకా వచ్చి, అక్కడే ఎముక కట్టడం మొదలుపెడతాయి. నున్నటి స్క్రూ అయితే ఎముక ఎక్కువగా రంధ్రం గోడ వైపు నుంచే మెల్లగా పెరుగుతూ రావాలి. ఎముక బాగున్నవారిలో ఇప్పుడు 6-8 వారాలు సరిపోవచ్చు.

అలాగని ఎంత గరుకైతే అంత మంచిది కాదు. సాధారణంగా 1-2 మైక్రాన్ల గరుకుతనం మేలని తేలింది. అంతకు మించితే, చిగురు కిందికి జారి పైభాగం బయటపడినప్పుడు, బ్యాక్టీరియా పేరుకుని ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు పెరుగుతుంది.

ఆకారం పని ఆకారానిదే

పై దవడ వెనుక భాగంలో ఎముక మెత్తగా ఉంటుంది. అక్కడ కింది వైపు సన్నబడే, లోతైన మరలున్న స్క్రూ మొదటి బిగుతు బాగా ఇస్తుంది. కింది దవడ ముందు భాగం గట్టిది. అక్కడ మరీ బలంగా బిగిస్తే ఒత్తిడికి ఎముకే దెబ్బతింటుంది. డ్రిల్లింగ్ వేడి కూడా ప్రమాదమే: 47 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. అందుకే సెలైన్ నీళ్లతో చల్లబరుస్తూ రంధ్రం చేస్తారు.

ముందే అడగాల్సినవి

ఎంత మంచి స్క్రూ అయినా అదుపులో లేని షుగర్‌ను, సిగరెట్‌ను గెలవలేదు. ఆపరేషన్‌కు ముందు ఈ విషయాలు చూసుకోవాలి:

- మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత ఉంది?
- ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, బ్యాచ్ నంబర్ ఉన్న కార్డు ఇస్తారా? పదేళ్ల తర్వాత విడిభాగం కావాలంటే ఇదే ఆధారం.
- ఎముక పొడి లేదా పొర వాడతారా? కొన్ని పశువుల ఎముకతో, కొన్ని పొరలు పంది కొలాజెన్‌తో తయారవుతాయి. కృత్రిమంగా చేసినవీ ఉన్నాయి. అభ్యంతరం ఉంటే ముందే చెప్పాలి.
- పన్ను ఎప్పుడు పెడతారు? తొందరపెట్టడం కంటే డాక్టర్ చెప్పిన వారాలు ఆగడమే మేలు.