జీతం పోకుండా సెలవు: మిల్లు, అంగడి పనివారు తెలుసుకోవలసినవి

తల్లిదండ్రుల సమావేశానికి రమ్మంటే "సార్, ఆ రోజు కూలి పోతుంది" అనే మాట ప్రతి ఏడూ వింటున్నాము. కొందరి విషయంలో అది నిజమే. కానీ పీళమేడు, సింగనల్లూరు మిల్లుల్లోనో, మదురై మాసి వీధుల అంగళ్లలోనో పనిచేసేవారికి జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

ముందు మిల్లుల సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఈ సెలవు రావాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ దాన్ని 180 రోజులకు తగ్గించింది. ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు అన్న లెక్క మాత్రం మారలేదు. పిల్లలూ, మీరే లెక్క వేయండి: అమ్మ 280 రోజులు పనికి వెళితే 14 రోజుల సెలవు. మధ్యలో వారపు సెలవో పండగ సెలవో వస్తే అది ఈ 14లో కలవదు. ప్రసూతి సెలవు రోజులు ఆ 180లో చేరతాయి గానీ, వాటి మీద కొత్తగా సెలవు రాదు. కాంట్రాక్టరు ద్వారా చేరినవారికీ ఈ హక్కు ఉంది.

వాడుకోని సెలవు 30 రోజుల వరకు మరుసటి ఏటికి పోతుంది. అడిగినా ఇవ్వలేదంటే ఆ రోజులకు 30 అనే హద్దు లేదు. అందుకే నోటిమాటగా అడగవద్దు. కాగితం మీద, పదిహేను రోజుల ముందే ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోండి. పని మానేసేటప్పుడు మిగిలిన సెలవుకు డబ్బు రావాలి. చాలామంది వదులుకునేది ఇక్కడే.

పండగలకు వేరే చట్టం ఉంది. తమిళనాడులో 1958 చట్టం కింద జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2తో పాటు మరో ఐదు పండగ సెలవులు జీతంతో ఇవ్వాలి. ఆ ఐదింటిలో ఉగాది ఉందో లేదో మీ మిల్లు నోటీసు బోర్డులో చూడండి. లేకుంటే మీ లీవులోంచి ఒక రోజు దానికి అట్టిపెట్టుకోండి.

అంగళ్లలో ఏడాది సర్వీసు నిండినవారికి 1947 చట్టం 12 రోజులు ఇస్తుంది. జబ్బు సెలవు, క్యాజువల్ లీవు వేరే.

ఇంట్లో మగ్గం నేసే మన దేవాంగుల కుటుంబాలకు ఇవేవీ వర్తించవు. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. అలాంటివారు సమావేశం రోజున సాయంత్రం వచ్చినా సరే, ఉపాధ్యాయులు ఉంటారు. సెలవు దరఖాస్తు రాయడంలో సాయం కావలసినవారు జీతం చీటీ తీసుకుని రండి.