తొలినాటి అమెరికా సాహిత్యము: ఆది ఏది?

సాహిత్య సదస్సును ఏర్పాటు చేయడమంటే వేదికను, వసతిని సమకూర్చడం మాత్రమే కాదు. ఏ గోష్ఠి ముందు నడవవలెను, ఏది వెనుక నడవవలెను, ఏ గ్రంథానికి ఎంత కాలం కేటాయించవలెను అన్న నిర్ణయాలలోనే ఒక సాహిత్య చరిత్ర ఇమిడి ఉన్నది. తొలినాటి అమెరికా సాహిత్య సంస్కృతులను గూర్చి సదస్సు తలపెట్టిన పండితులకు ఈ చిక్కు మొదటి ఆలోచనలోనే ఎదురవుతుంది. ఆ సాహిత్యానికి ఆది ఏది?

చిరకాలం దీనికి సమాధానం సులభముగానే ఉండెడిది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో 1640లో ఒక కీర్తనల గ్రంథం అచ్చయినది. బ్రిటిష్ ఉత్తర అమెరికాలో ముద్రితమైన మొదటి పుస్తకం అదే. 1630లో అక్కడికి వలస వచ్చిన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితలు 1650లో లండనులో వెలువడినవి. ఈ ప్యూరిటన్ వలస నుండి 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన వరకు ఒకే ధార ప్రవహించినదని పండితులు భావించిరి. 1939లో ‘ది న్యూ ఇంగ్లండ్ మైండ్’ ప్రకటించిన పెర్రీ మిల్లర్ ఈ దృష్టికి గొప్ప ప్రతిష్ఠ కలిగించాడు. అమెరికా ఆరంభ కథను చెప్పవలెనన్న సంకల్పం తనకు ఆఫ్రికాలో, కాంగో నదీతీరాన మటాడీలో కలిగినదని ఆయనే 1956లో వ్రాసుకొన్నాడు. అయితే ఆ కథలో ఆఫ్రికా సంతతికి దొరికిన చోటు బహు స్వల్పం.

ఆ ధార ఎంత అసంపూర్ణమో ఒక వ్రాతప్రతి తెలిపినది. వెస్ట్‌ఫీల్డులో మతగురువుగా జీవించి 1729లో మరణించిన ఎడ్వర్డ్ టేలర్ కవితలు రెండు శతాబ్దాలకు పైగా లోకానికి తెలియలేదు. యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న ఆ ప్రతిని థామస్ హెచ్. జాన్సన్ గుర్తించి, 1937లో వెలుగులోనికి తెచ్చాడు. నాటివరకు పేరైనా లేని కవి ఆ యుగపు ప్రధాన కవులలో ఒకడైనాడు.

ప్యూరిటన్ ముద్రణశాలలో కూడ మరొక చరిత్ర దాగి ఉన్నది. ఉత్తర అమెరికాలో అచ్చయిన మొదటి సంపూర్ణ బైబిలు ఇంగ్లీషు గ్రంథం కాదు. జాన్ ఎలియట్ పేరుతో 1663లో వెలువడిన ఆ బైబిలు మసాచుసెట్ ఆదివాసుల భాషలోనిది. దాని ముద్రణలో పనిచేసినవాడు నిప్మక్ జాతీయుడైన జేమ్స్ ప్రింటర్. ఆదివాసుల చెరలో తాను గడిపిన రోజులను గూర్చి మేరీ రోలాండ్‌సన్ వ్రాసిన గ్రంథానికి 1682లో కేంబ్రిడ్జిలో అక్షరాలు కూర్చినది కూడ ఆయనయే. తన జనులను శత్రువులుగా చిత్రించిన వాక్యాలను ఆయన తన చేతులతోనే పేర్చవలసి వచ్చినది.

ఫిలిస్ వీట్లీ 1761లో బానిసగా బోస్టనుకు వచ్చిన పసిపిల్ల. 1772లో ఆమె కవితల ముద్రణకు బోస్టనులో చందాలు చాలలేదు. 1773లో ఆ సంపుటం లండనులో అచ్చయినది. ఆ కవితలు ఆమెవేనని బోస్టను పెద్దలు 18 మంది సంతకాలు చేసిన పత్రం గ్రంథారంభంలో చేరినది. మరి ఏ కవికి అట్టి సాక్ష్యం అవసరమైనది?

ఇంగ్లీషును దాటి చూచినచో ఆరంభం మరింత వెనుకకు జరుగుతుంది. కేంబ్రిడ్జి గ్రంథానికి శతాబ్దం ముందే, 1539లో మెక్సికో నగరంలో ముద్రణయంత్రం పనిచేసినది. న్యూ మెక్సికో ఆక్రమణను గూర్చి విల్యాగ్రా స్పానిషులో రచించిన ఇతిహాస కావ్యం 1610లోనే వెలువడినది.

ఈ శాఖకు ప్రత్యేక పత్రిక 1966లో చిన్న వార్తాలేఖగా ఆరంభమైనది. పండితుల సంఘం 1990లో ఏర్పడినది. 1964లో హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలసిన అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రం ఈ దేశపు అధ్యాపకులకు కూడ ఈ గ్రంథాలను అందుబాటులోనికి తెచ్చినది.

నేడు సదస్సు ప్రణాళికను రచించేవారు వీట్లీని, జేమ్స్ ప్రింటరును చివరినాటి ప్రత్యేక గోష్ఠిలో కూర్చుండబెట్టి, ప్రధాన వేదికను పాత ధారకే విడువవచ్చును. అట్లు కాక బ్రాడ్‌స్ట్రీట్ పక్కన వీట్లీని, రోలాండ్‌సన్ పక్కన ఆమె గ్రంథాన్ని అచ్చుకూర్చినవానిని నిలిపినచో, పాత గ్రంథాలే కొత్త మాటలు పలుకుతవి. సదస్సు మూడు నాళ్లలో ముగియవచ్చును; ఆ వరుస మాత్రం పాఠ్యప్రణాళికలలో ఒక తరం వరకు నిలుస్తుంది.