పాలు మానవలసిన బాలింత



బాలింత పథ్యం మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. వెల్లుల్లి తినమంటారు, మెంతులు తినమంటారు, చల్లటివి వద్దంటారు. పాలు, నెయ్యి మాత్రం ఎప్పుడూ తినవలసిన వాటి వైపే ఉంటాయి. "నువ్వు పాలు తాగితేనే కదమ్మా బిడ్డకు పాలు పడేది" అని అత్తగారు గ్లాసు చేతికిస్తారు. అలాంటి ఇంట్లో డాక్టరు వచ్చి, "బిడ్డకు నీ పాలే ఇవ్వు, నువ్వు మాత్రం ఆవుపాలు, గేదెపాలు మానేయి" అంటే ఎవరి మాట వినాలి?

తల్లి తిండికీ చంటిబిడ్డ జబ్బుకూ ముడి ఉందన్నది కొత్త మాటేమీ కాదు. చరక సంహిత తల్లిపాలకు ఎనిమిది దోషాలు లెక్కగట్టి, పాలిచ్చే స్త్రీకే మందూ పథ్యమూ విధించింది. వారి లెక్క వాత పిత్త కఫాలది, నేటి వైద్యుల లెక్క వేరు. అయినా చూపు పడింది సరైన చోటనే అని నా అభిప్రాయం.

"ఎలర్జీ" అనే మాటను 1906లో వియన్నా పిల్లల వైద్యుడు పిర్కే పుట్టించాడు. 1921లో షానన్ అనే వైద్యుడు, తల్లి తిన్న ఆహారంలోని ప్రోటీను ఆమె పాలలోకి దిగుతుందని గినీ పందుల మీద ప్రయోగం చేసి చూపాడు. ఆ తర్వాత చాలాకాలం దానిని పట్టించుకున్నవారు తక్కువ. 1978లో స్వీడన్‌లో యాకోబ్‌సన్, లిండ్‌బర్గ్ అనే ఇద్దరు, కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చే 19 మంది చంటిపిల్లల తల్లుల చేత ఆవుపాలు మాన్పించారు. 13 మంది పిల్లలు కుదుటపడ్డారు. తల్లులు మళ్ళీ పాలు తాగగానే వారిలో 12 మందికి ఏడుపు తిరిగి వచ్చింది.

ఇక మన వైపుకు వద్దాం. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయ్యేదాకా వేలూరు, గుడియాత్తం, పలమనేరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు. గీత గీశారు గానీ రాకపోకలు ఆగలేదు. నేటికీ చిత్తూరు వైపు నుంచి బిడ్డను చంకనెత్తుకుని వేలూరు ఆసుపత్రికి వెళ్ళే తల్లులు ఎందరో. ఆ ఆసుపత్రిని 1900లో చిన్న మందుల గదిగా మొదలుపెట్టిన ఐడా స్కడర్, గుడియాత్తం దారిలో చెట్ల కింద బండి ఆపి రోగులను చూసేవారు. నాటి తల్లీబిడ్డలను చంపినవి కాన్పు కష్టాలు, అంటురోగాలు, ఆకలి. ఎలర్జీ గురించి ఆలోచించే తీరిక ఆ రోజులకు లేదు. పేదయింటి బాలింతకు తాగడానికి పాలెక్కడివి? 1970లో క్షీర విప్లవం మొదలై, ఊరూరా పాల కేంద్రాలు వచ్చి, టీ కొట్టు వీధికొకటి అయ్యాక ఇప్పుడు పాలు మానడం కష్టమైంది!

ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. పెద్దవాళ్ళకు పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది. అది పాలలోని చక్కెర అరగక వచ్చే ఇబ్బంది, దక్షిణాదిలో మామూలే. ఆ చక్కెర తల్లిపాలలో ఎలాగూ ఉంటుంది, తల్లి ఏం తిన్నా, తినకున్నా. బిడ్డ ఎలర్జీ పాల ప్రోటీనుకు సంబంధించినది. విరేచనంలో నెత్తుటి చారలు, తగ్గని గజ్జి, వాంతులు, బరువు పెరగకపోవడం కనిపిస్తే అనుమానించాలి. ఉత్త ఏడుపుకే పాలు మానకండి. 1980లలో డెన్మార్క్‌లో 1,749 మంది శిశువులను గమనిస్తే, తల్లిపాలే తాగుతూ ఈ ఎలర్జీ వచ్చినవారు తొమ్మిది మందే. ఆ తొమ్మిది మందికీ పుట్టిన మూడు రోజుల్లోనే ఆసుపత్రిలో డబ్బాపాలు పట్టి ఉన్నారని తర్వాత తేలింది. మొదటి గుక్క తల్లిదే కావాలని వైద్యులు పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. డబ్బాపాల ప్రచారాన్ని మన దేశం 1992లో చట్టం చేసి మరీ అడ్డుకుంది.

డాక్టరు మానమన్నారనుకోండి. పెరుగు, మజ్జిగ, నెయ్యి, కోవా, పాలపొడి కలిసిన బిస్కెట్లు, కాఫీ, టీ అన్నీ పాల కిందికే వస్తాయి. మేకపాలు, గేదెపాలు ప్రత్యామ్నాయం కావు, వాటి ప్రోటీను ఆవుపాలకు దగ్గర చుట్టం. గాడిదపాలు వేరు రకమే, ఇటలీలో ఎలర్జీ పిల్లలు చాలామంది వాటిని తట్టుకున్నారు. అంతమాత్రాన వీధిలో పితికి ఉగ్గుగిన్నెలో పోసే పచ్చిపాలు నెలల బిడ్డకు పట్టడం క్షేమం కాదు, వాటితో రోగక్రిములూ పోతాయి.

"పాలు లేకుంటే ఎముకలేం కావాలి?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాలిచ్చే తల్లికి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గంగమ్మ జాతరలో కుండలతో పోసే రాగి అంబలిని తలుచుకోండి: 100 గ్రాముల రాగుల్లో 340కి పైగానే ఉంటుంది. పొట్టు తీయని నువ్వులు, మునగాకు, తోటకూర కలిస్తే ఇంకొంత. అయితే ధాన్యంలోది అంతా ఒంటికి పట్టదు గనుక డాక్టర్లు మాత్రలు కూడా ఇస్తారు, వాటిని మానకండి. మాంసం, గుడ్డు తినని ఇళ్ళలో ఇంకో చిక్కుంది. శాకాహారికి బి12 విటమిను వచ్చేది పాల నుంచే. అది కొరవడితే బిడ్డ మందగిస్తుంది, చేతులు వణుకుతాయి. కాబట్టి పాలు మానిన శాకాహారి తల్లి బి12 గురించి డాక్టరును అడిగి తీరాలి.

ఈ పథ్యం ఏళ్ళ తరబడి కాదు. మొదట రెండు నుంచి నాలుగు వారాలు మాని చూస్తారు. గుణం కనిపిస్తే తల్లి మళ్ళీ పాలు తాగి సరిచూసుకుంటుంది. చారలు తిరిగి వస్తే కారణం అదేనని రూఢి. రాకపోతే హాయిగా పెరుగన్నం తినవచ్చు. నిజంగా ఎలర్జీ ఉన్న పిల్లల్లో కూడా చాలామంది ఏడాది నుంచి మూడేళ్ళ లోపు దానిని దాటిపోతారు. ఆ తొలి చెంచా పాలు మాత్రం ఇంట్లో కాకుండా, డాక్టరుతో మాట్లాడి ఆయన చెప్పిన చోటనే పట్టండి.