‘నాణ్యత తగ్గని’ కుదింపు: జేపెగ్ ప్రమాణంలో నాణ్యత భావన – చారిత్రక పరిశీలన

డిజిటల్ ఛాయాచిత్రాన్ని ఇతరులకు పంపే ముందు దాని పరిమాణాన్ని తగ్గించడం నేడు నిత్యకృత్యం. ఫోన్లలోని అనేక యాప్‌లు ఈ పనిని అడగకుండానే చేస్తున్నాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం 1 నుంచి 100 వరకు ఒక సంఖ్యను చూపి ‘నాణ్యత’ను ఎంచుకోమంటాయి. ఆ సంఖ్య చిత్రంలోని ఏ గుణాన్నీ కొలవదు. 1980లలో టెలివిజన్ తెరంత చిత్రాలను చూసిన మానవ నేత్రాల అనుభవం నుంచి రూపొందిన ఒక నమూనా పట్టికకు ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఉన్నామో మాత్రమే అది చెబుతుంది. తాళపత్రాలు, పాత పత్రికల పుటలు, శాసనాల ఫోటోలు ఈ మార్గంలోనే పరిశోధకుల చేతులు మారుతున్నాయి కనుక ఆ పట్టిక పుట్టుకను తెలుసుకోవడం అవసరం.

కొసైన్ పరివర్తన

జేపెగ్ కుదింపుకు మూలమైన గణితం 1974 జనవరిలో ‘ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్’ పత్రికలో నాలుగు పుటల వ్యాసంగా వెలువడింది. రచయితలు ముగ్గురు: బెంగళూరులో జన్మించి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నాసిర్ అహ్మద్, ఆయన పరిశోధక విద్యార్థి టి. నటరాజన్, టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యులైన కె.ఆర్. రావు. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన ఆయన 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. అహ్మద్ కూడా అదే సంవత్సరం అక్కడే డాక్టరేటు అందుకున్నారు. తెలుగు ఇంటిపేరు గల ఈ శాస్త్రవేత్త గురించి తెలుగులో జరిగిన చర్చ స్వల్పం.

1972లో అహ్మద్ ఈ ఆలోచనను అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు ప్రతిపాదనగా పంపగా నిధులు లభించలేదు. ప్రతిపాదన మరీ సరళంగా ఉన్నదన్న అభిప్రాయం కూడా వచ్చిందని ఆయన తరువాత గుర్తుచేసుకున్నారు. ఆ సరళతే దీని బలమైంది. చిత్రంలోని పొరుగు బిందువుల మధ్య సాధారణంగా పోలిక ఎక్కువ. ఆ పోలికను పూర్తిగా వినియోగించుకోగల కార్హునెన్–లోయెవ్ పద్ధతి సిద్ధాంతరీత్యా ఉత్తమమైనదే అయినా, ఒక్కో రకం దత్తాంశానికి ఒక్కో విధంగా లెక్కించుకోవలసి రావడంతో ఆచరణలో కష్టం. కొసైన్ పరివర్తన దానికి దాదాపు సమానమైన ఫలితాన్ని స్థిరమైన సూత్రంతో ఇచ్చింది. విశేషమేమంటే 1974 వ్యాస సంగ్రహంలో ఉపయోగాలుగా పేర్కొన్నవి ఆకృతుల గుర్తింపు, వీనర్ ఫిల్టరింగ్. ఛాయాచిత్రాల పంపిణీ ప్రస్తావన అందులో లేదు.

64 కిలోబిట్ల తీగ

ఛాయాచిత్ర నిపుణుల సంయుక్త బృందం 1986లో ఏర్పడింది. ఆ బృందపు ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలే ‘జేపెగ్’. ఐఎస్‌డీఎన్ టెలిఫోన్ తీగపై సెకనుకు 64 కిలోబిట్ల వేగంతో చిత్రాన్ని చేరవేయడం నాటి ముఖ్య లక్ష్యాలలో ఒకటి. పరీక్షలకు తీసుకున్న చిత్రాలు 720×576 పిక్సెళ్లవి, అంటే ఐరోపా డిజిటల్ టెలివిజన్ చట్రమంత. ఒక్కో పిక్సెల్‌కు 16 బిట్ల చొప్పున అటువంటి చిత్రాన్ని యథాతథంగా పంపితే 103 సెకన్లకు పైగా పడుతుంది. పిక్సెల్‌కు ఒక్క బిట్‌కు కుదించగలిగితే ఆరున్నర సెకన్లు చాలు.

1987లో కోపెన్‌హాగన్‌లో పన్నెండు ప్రతిపాదనలను పరిశీలించి మూడింటిని నిలిపారు. 1988 జనవరిలో, ఏ చిత్రం ఏ పద్ధతిదో చెప్పకుండా చూపించి పరీక్షించినప్పుడు, 8×8 చతురస్రాల కొసైన్ పరివర్తన నెగ్గింది. అంటే ఈ ప్రమాణం తొలి అడుగులోనే ‘చూసేవారికి ఎలా కనిపించింది’ అనే తీర్పుపై నిలిచింది. బృందానికి నాయకత్వం వహించిన గ్రెగరీ వాలెస్ 1991లో ప్రచురించిన వ్యాసంలో పిక్సెల్‌కు ఒకటిన్నర నుంచి రెండు బిట్ల వద్ద చిత్రాన్ని మూలం నుంచి వేరుచేసి గుర్తించడం సాధారణంగా సాధ్యం కాదని పేర్కొన్నారు. ఆ వాక్యంలో ‘సాధారణంగా’ అన్న మాట ముఖ్యం. తరువాతి ప్రచారంలో అది జారిపోయి ‘నాణ్యత తగ్గదు’ అన్న భాగమే మిగిలింది.

కంటిపై ఆధారపడడం జేపెగ్‌తో మొదలుకాలేదు. ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ వలెన్సీ 1938లోనే వెలుగు సమాచారాన్నీ రంగు సమాచారాన్నీ విడదీసి ప్రసారం చేసే పద్ధతికి పేటెంటు కోరారు. రంగులోని సూక్ష్మ భేదాలను కన్ను అంతగా పట్టదన్న గ్రహింపుపైనే వర్ణ టెలివిజన్ నడిచింది. జేపెగ్ ఫైళ్లలో విరివిగా కనిపించే పద్ధతిలో రంగు భాగాలను అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గిస్తారు. దీంతో కొసైన్ లెక్క మొదలు కాకముందే దత్తాంశంలో సగం పోతుంది.

పట్టిక నుంచి సంఖ్యకు

పరివర్తన తరువాత ప్రతి చతురస్రం 64 సంఖ్యలుగా మారుతుంది. వాటిని పట్టికలోని 64 భాజకాలతో భాగించి, సమీప పూర్ణాంకానికి సవరిస్తారు. శాశ్వత నష్టంలో ప్రధాన భాగం ఈ సవరణలోనే ఉంది. 1992లో ఆమోదం పొందిన ప్రమాణం తన అనుబంధంలో వెలుగుకు ఒకటి, రంగుకు ఒకటి చొప్పున రెండు పట్టికలను ముద్రించింది. వెలుగు పట్టికలో మొదటి గడి 16, చివరి గడి 99. విశాలమైన ఛాయలను జాగ్రత్తగా నిలిపి, సన్నని వివరాలను ధారాళంగా వదిలేయడం ఈ అంకెల అర్థం. ఇవి ఉదాహరణలే తప్ప అన్ని ప్రయోజనాలకూ తగినవి కాకపోవచ్చునని ప్రమాణమే హెచ్చరించింది. నాణ్యత సంఖ్య అనేది అందులో ఎక్కడా లేదు.

ఆ సంఖ్య బహుళ ప్రచారంలోకి వచ్చింది స్వచ్ఛంద ప్రోగ్రామర్ల కృషి వల్ల. టామ్ లేన్ నిర్వహించిన ఇండిపెండెంట్ జేపెగ్ గ్రూప్ 1991 అక్టోబరులో ఉచితంగా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అసంఖ్యాకమైన ప్రోగ్రాములకు ఆధారమైంది. దాని లెక్కలో 50 అంటే అనుబంధంలోని పట్టిక ఉన్నదున్నట్లు. 75 అంటే అందులోని అంకెలు సగం, 90 అంటే అయిదో వంతు, 25 అంటే రెట్టింపు. 100 వద్ద భాజకాలన్నీ 1 అవుతాయి. అప్పుడు కూడా సవరణ జరుగుతుంది కనుక నష్టం సున్నా కాదు. ఫోటోషాప్ వంటివి 0 నుంచి 12 వరకు వేరే కొలత పెట్టుకున్నాయి. కాబట్టి ఒక ప్రోగ్రాములోని 80ను మరొక దానిలోని 80తో పోల్చడం వ్యర్థం. ఉదాహరణగా ముద్రించిన పట్టిక ఈ విధంగా అలవాటుగా, అలవాటు కొలబద్దగా స్థిరపడ్డాయి.

వేలిముద్రలు చెప్పిన సాక్ష్యం

ఈ కొలబద్ద అన్ని చిత్రాలకూ చెల్లదని త్వరలోనే రుజువైంది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన వేలిముద్రల కార్డులను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు జేపెగ్‌ను పరీక్షించింది. కావలసినంతగా కుదించినప్పుడు చతురస్రాల అంచులు పైకి తేలి, వేలి గీతల గుర్తింపుకు అడ్డువచ్చాయి. ఫలితంగా లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తల సహకారంతో 1993లో వేవ్‌లెట్ ఆధారిత ప్రమాణాన్ని రూపొందించుకున్నారు. చూపుకు ఇంపుగా ఉండడం, ఆధారంగా నిలబడడం వేర్వేరని ఆ సంస్థ నిర్ణయం తెలియజేస్తుంది.

తెలుగు పుటకూ ఇదే వర్తిస్తుంది. ‘థ’, ‘ధ’ల మధ్య భేదం లోపలి చుక్క ఒక్కటే. 4000×3000 పిక్సెళ్ల ఫోటోను 1600×1200కు తగ్గిస్తే మిగిలేవి నూటికి 16 పిక్సెళ్లు. ముఖచిత్రమైతే ఫోన్ తెరపై తేడా కనిపించదు. నిజానికి పంపిణీలో పరిమాణం బాగా తగ్గడానికి కుదింపు సంఖ్యకన్నా ఇదే ఎక్కువ తోడ్పడుతుంది. కానీ 40 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం 10 పిక్సెళ్లకు దిగితే, నాలుగు పిక్సెళ్ల చుక్క ఒక్క పిక్సెల్ అవుతుంది. దానిపై చతురస్రపు సవరణ పడితే ఆ చుక్క మసకగా కలిసిపోవచ్చు. ఎర్ర సిరాతో రాసిన సన్నని అక్షరాలు, ముద్రల రంగు అంచులు రంగు భాగాల తగ్గింపు వల్ల మరింత చెదురుతాయి. ఒకే ఫైలును మార్చకుండా అదే పట్టికతో మళ్లీ భద్రపరిస్తే అదనపు నష్టం స్వల్పమే. చేతులు మారిన ప్రతిసారీ అంచులు కత్తిరించి, కొలత మార్చి పంపినప్పుడు మాత్రం 8×8 గడులు కొత్తచోట పడి కొత్త నష్టం చేరుతుంది.

అందువల్లనే గ్రంథాలయాలు మూలప్రతిని టిఫ్ వంటి నష్టరహిత రూపంలో దాచి, పాఠకులకు ఇచ్చే జేపెగ్ ప్రతిని ప్రతిసారీ దాని నుంచే తయారుచేస్తాయి. ముందు కొలత తగ్గించి, ఆ తరువాత ఒక్కసారే కుదించడం ఇందులోని క్రమం. పట్టికను ప్రతి జేపెగ్ ఫైలు తన శీర్షభాగంలో మోసుకుపోతుంది. ఒక పుట ఫోటోను ఏ భాజకాలతో కుదించారో ఆ ఫైలును తెరిచి చదివి తెలుసుకోవచ్చు. దానికి ముందు జరిగిన కుదింపుల పట్టికలు మాత్రం అందులో ఉండవు.