నాదమునకొక ప్రయోగశాల

1926 ఏప్రిల్ 26వ తేదీన బెజవాడలో అవతరించి, 1930లో విశాఖపట్టణపు వాల్తేరు కొండలకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శతవత్సరోత్సవమును పురస్కరించుకొని పత్రికల అనుబంధములన్నియు ఉపాధ్యక్షుల చిత్రపటములతో నిండిపోవుచున్న వేళ, విద్యాపీఠమునకును ధ్వనికిని గల సంబంధమును గూర్చి ముచ్చటించుట అప్రస్తుతము కాదని తలచెదను.

సామగానము మొదలు 1919లో వెలసిన విజయనగరపు సంగీత కళాశాల వరకు గల శతాబ్దములను పాఠకులు నాకు మినహాయింపవలెను; 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానము గ్రామఫోను పలకపై కెక్కువరకు, ఈ దేశపు గాలిలో పలికినది ఇంచుమించుగా గాలిలోనే కలిసిపోయినది. విశాఖకు మాత్రము నాదశాస్త్రముతో చుట్టరికము కలదు. అధ్యాపకుడైన తండ్రి వెంట పసితనముననే ఇచ్చటికి వచ్చి, సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివిన చంద్రశేఖర వేంకట రామన్, తండ్రి ఫిడేలు వినుచు పెరిగి, పిమ్మట కలకత్తాలో మృదంగ తబలాలను పరిశోధించి, చర్మము నడుమనున్న నల్లని ముద్దయే ఆ వాద్యములకు శ్రుతిశుద్ధి నొసగుచున్నదని 1920లో ప్రకటించెను.

ఇక పాశ్చాత్యదేశముల సంగతి. 1948లో పారిస్ రేడియోలో పియేర్ షెఫర్ అను ఫ్రెంచివాడు రైలింజన్ల చప్పుడుతో సంగీతము కూర్చెను; 1959 నాటికి న్యూయార్కున కొలంబియా, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములు కలిసి ఎలక్ట్రానిక్ సంగీతమునకు కేంద్రమునే నెలకొల్పినవి.

భారతదేశమున ఆ భాగ్యము వాల్తేరుకు గాక, మిల్లుల ఐశ్వర్యము గల అహమ్మదాబాదుకు దక్కినది. ఈ కథ యన్న నాకు పరమప్రీతి. స్త్రీలు పఖావజ్ అను మద్దెలను ముట్టుటయే అరుదైన కాలమున ఆ వాద్యము నభ్యసించిన గీతా సారాభాయి, 1946లో న్యూయార్కునకేగి, జాన్ కేజ్ అను స్వరకర్తకు హిందూదేశ సంగీతము బోధించి, గురుదక్షిణగా పాశ్చాత్య సంగీత మర్మములను గ్రహించెను. డబ్బు చేతులు మారలేదు. ఆ స్నేహము పండి, 1969 శరత్తున కేజ్ మిత్రుడైన పియానో విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్, మూగ్ సింథసైజరను విద్యుద్ధ్వని యంత్రమును వెంటగొని అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు విచ్చేసెను. 1952లో కేజ్ రచనను ప్రదర్శించుచు, నాలుగు నిమిషముల ముప్పదిమూడు సెకండ్లు పియానో ముందు కూర్చుండి ఒక్క స్వరమైనను వాయింపక లేచిన మహానుభావుడే, ఇంత రొద చేయు యంత్రమును మోసికొని వచ్చుట విధివిలాసము గాక మరేమి!

ఆ యంత్రమున తీగలను ఒక రంధ్రమునుండి మరొకదానికి తగిలించి ధ్వనిని మలచవలెను; వోల్టు పెరిగినచో స్వరము పైస్థాయి కెక్కును. పియానో మీటల సందున చిక్కి నశించు గమకము, ఎడతెగని విద్యుత్తున అవలీలగా జారును. ఈ యంత్రము మన సంగీతమునకే పుట్టినదా యని నాకు పలుమార్లు తోచును. గీతతో పాటు స్వరకర్తలు మాథుర్, అతుల్ దేశాయి, శర్మ, యువకుడైన జిన్‌రాజ్ జోషీపురా ఆ యంత్రమున్న గదిలో టేపులు నింపిరి. అందు అంతరిక్షయానపు కల్పనలు కూడ కలవు. 1972 వరకే ఆ సందడి. టేపులు పెట్టెలలో మూల్గి, 2017లో పాల్ పర్గస్ అను బ్రిటిష్ కళాకారుని కంటబడి, 2023లో ఆల్బముగా వెలువడినవి.

ఇక నేటి మాట. ఆ యంత్రము చేసిన పనిని విద్యార్థి చేతి ఫోను చేయుచున్నది. సినిమా కీబోర్డు, పెండ్లి ఊరేగింపుల డీజే పెట్టె, మెడలో హెడ్‌ఫోను తగిలించుకొని సముద్రతీరమున కూర్చుండు కుర్రవాడు, వీనిలో ఏది చరిత్రయో ఏది గోలయో వేరుపరచుట నాకు శక్యము గాదు.

అయినను పరిషత్తు పెద్దలకు ఒక మనవి. మీ ప్రాంగణమున సంగీతశాఖయు, భౌతికశాస్త్రశాఖయు, ఇన్‌స్ట్రుమెంట్ టెక్నాలజీ శాఖయు కలవు. వెలుపల ఓడల కూతలు, చేపలరేవు వేలముల కేకలు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేర్లు దాల్చిన ఉక్కు కర్మాగారపు కొలుముల హోరు కలవు. శతాబ్ది నిధులలో కొంత వెచ్చించి ఈ మూడు శాఖలకును ఉమ్మడిగా ఒక ధ్వనిశాలను కట్టింపుడు. తాళపుచెవి విద్యార్థుల చేతి కిండు. రికార్డు చేసినదానికెల్ల పట్టిక వ్రాయించి గ్రంథాలయమున నుంచుడు.