ప్రతాపరుద్రుని మరణము: నాటకము, శాసనము

వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ (1897) నాటకములో, ఢిల్లీలో బందీయైన కాకతీయ ప్రభువును పిచ్చివానివలె నటించిన మంత్రి యుగంధరుడు విడిపించి తెచ్చును. చాకలి పేరిగాడు తన వాడుకమాటలతో నవ్వించును. ప్రేక్షకునకు ఇంతకంటె ఏమి కావలెను?

శాసనముల కథ వేరు. 1323లో ఉలూఘ్ ఖాన్, అనగా తరువాతి మహమ్మద్ బిన్ తుగ్లక్, ఓరుగల్లును పట్టుకొనెను. బందీయైన రాజు దారిలోనే నర్మదాతీరమున మరణించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ఆయన స్వేచ్ఛగా దివికేగెనని 1423 నాటి కలువచేరు శాసనము. ఇది ఆత్మహత్యయే యని పలువురు చరిత్రకారుల భావము. నూరేండ్ల తరువాతిదైనను ఈ మాట మొదటిదానికి విరుద్ధము కాదు. విలస శాసనమో, ఆ తరమువారే వేయించినది. రాజు ఢిల్లీ చేరనేలేదన్నచో యుగంధరునికి అచ్చట పనియే లేదు.