బందూకు ఎవరి చేతిలోంచి తీసుకున్నారు?

ఎలక్షన్ షెడ్యూలు రాగానే లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకి థానా నుంచి కబురొస్తుంది. మా చందర్లపాడు వైపూ అంతే. అమానత్‌గా అప్పజెప్పాలి, రిజల్టు వచ్చిన వారానికి తెచ్చుకోవాలి. చాలామంది ఇచ్చేసి వస్తారు. కొందరు మాత్రం ‘నేనేం గునా చేశాను?’ అని గుర్రుగా ఉంటారు.

అమెరికాలో ‘రెడ్ ఫ్లాగ్’ చట్టాల మీద నడుస్తున్న బహస్ కూడా ఇదే. 1999లో కనెక్టికట్ ఇలాంటి చట్టం తెచ్చింది. 2018లో పార్క్‌ల్యాండ్ స్కూల్లో కాల్పుల తర్వాత ఫ్లోరిడా తెచ్చింది. తనకో పరాయివాళ్లకో హాని చేసేలా ఉన్న మనిషి దగ్గర నుంచి జడ్జి హుకుంతో కొంతకాలం తుపాకీ తీసుకుంటారు. జుర్మ్ జరగకముందే, షక్ మీదే సజా వేస్తున్నారని తుపాకీదారుల ఫిర్యాదు.

ఈ బహస్‌కి జవాబు మన ఇలాకా తారీఖ్‌లో వెతుకుతాను.

1878లో లిటన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టం హిందుస్తానీకి లైసెన్సు తప్పనిసరి చేసింది, యూరోపియన్‌కి మాఫీ ఇచ్చింది. జనానికి కోపం తెప్పించింది ఆ ఫరక్. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కు అని రాసుకుంది.

తర్వాత 1948. అప్పట్లో జగ్గయ్యపేట దాటితే నైజాం ఇలాకా. మా పక్కనున్న పరిటాల కూడా చుట్టూ ఇంగ్లీషు జిల్లా ఉన్నా నైజాం కిందే ఉండేది. రజాకార్లు తెలంగాణ పల్లెల మీద చేసిన జుల్మ్ నిజం. అది భరించలేక ఎంతోమంది సరిహద్దు దాటి మన జిల్లాలో తలదాచుకున్నారు. సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి ఫౌజు ఈ రోడ్డు మీదుగానే కోదాడ, సూర్యాపేట వైపు సాగింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ చేతిలో బందూకు లాక్కోవడం ముమ్మాటికీ జాయజ్.

కానీ అక్కడితో ఆగలేదు. హాలాత్ చూసి రమ్మని నెహ్రూ సర్కారు పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం చెప్పింది వేరు. ముస్లిం గ్రామస్థుల ఆయుధాలు ఫౌజు తీసేసుకుంది. చాలాచోట్ల హిందువుల దగ్గర ఉన్నవి వాళ్ల దగ్గరే ఉంచింది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా పోయిన ప్రాణాలు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 అని వాళ్ల అందాజు. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు.

సుందర్‌లాల్ బృందం పల్లెలు తిరుగుతున్న ఆ డిసెంబరులోనే ఢిల్లీలో రాజ్యాంగ సభ ఆయుధ హక్కు గురించి మాట్లాడింది. హెచ్.వి. కామత్ కరాచీ తీర్మానం గుర్తుచేసి సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది.

నేను అంబేడ్కర్ వైపే. ఇంటికో బందూకు ఉంటే అమన్ వస్తుందని నాకు యకీన్ లేదు. రజాకార్ కథే దానికి గవాహీ. అయితే తీసుకునేటప్పుడు అందరి దగ్గరా ఒకే తరాజుతో తూచి తీసుకోవాలి. ఒక కౌమ్ చేతులు ఖాళీ చేసి, ఎదురుగా ఉన్నవాళ్ల చేతులు అలాగే వదిలేస్తే అది అమన్ కాదు, ఒక వైపు చేరడం.

ఇప్పటి 1959 ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద, మతిస్థిమితం లేదనో, ప్రజా శాంతికి అవసరమనో లైసెన్సు ఆపొచ్చు, రద్దు చేయొచ్చు. ఆ ఇఖ్తియార్ జడ్జిది కాదు, లైసెన్సు ఇచ్చే అధికారిది. వజా రాతలో పెట్టాలి. అడిగితే క్లుప్తంగా రాసి ఇవ్వాలి. కానీ ప్రజా ప్రయోజనానికి మంచిది కాదనుకుంటే ఇవ్వకుండా ఉండే వెసులుబాటు కూడా అదే సెక్షన్‌లో ఉంది. 18వ సెక్షన్ అప్పీలు హక్కు ఇచ్చింది. వజా తెలియనివాడు అప్పీల్లో ఏం వాదిస్తాడు?

కాబట్టి థానాలో తుపాకీ ఇచ్చేవాళ్లు రసీదు తీసుకోండి. లైసెన్సే ఆపితే వజా రాతపూర్వకంగా అడగండి. పక్కవాడికీ అదే ఖానూన్ వర్తించిందో లేదో చూడండి. 1948లో ఆ పల్లెల్లో ఈ సవాళ్లు అడిగే మౌకా ఎవరికీ దొరకలేదు.